గోడకు చెక్క షీటు వేయిస్తున్నారా? వానలకు ముందే ఇవి చూసుకోండి

మే నెలలో కర్నూలులో ఏ గోడను తడిమినా పొడిగానే ఉంటుంది. అనంతపురంలో అయితే మరీను. ఆ పొడిని నమ్మి హాల్లో ప్లైవుడ్డో, ఎండీఎఫ్ఫో (చెక్క పీచును బంకతో అదిమి చేసిన షీటు) బిగించేస్తారు. అక్టోబరుకల్లా షీటు మధ్యలో పొట్ట వస్తుంది, అంచుల్లో లామినేటు లేస్తుంది. తిట్లు షీటు కంపెనీకి పడతాయి గానీ, చాలాసార్లు తప్పు గోడది. కాబట్టి షాపుకు పోయే ముందు గోడ దగ్గర కాసేపు కూర్చోండి.

నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు గోరుతో గీకి చూడండి. తెల్లటి పొడి రాలినా, పెయింటు పెచ్చులుగా లేచినా, ఆ గోడ కింది నుంచి నీటిని పీలుస్తోందని అర్థం. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. చౌడు నేలల మీద కట్టిన ఇళ్లలో, మట్టితో పేర్చిన పాత రాతి గోడల మిద్దె ఇళ్లలో ఇది మామూలే. అనుమానంగా ఉంటే రెండడుగుల చదరపు ప్లాస్టిక్ కవరును నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి, ఒక రోజు వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి బొట్లు కడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. బయటి వైపు కడితే అది గదిలోని గాలి చెమ్మ. వేసవిలో ఈ పరీక్షలో నెగ్గిన గోడను పూర్తిగా నమ్మకండి. పోయిన నవంబరులో ఆ గోడ ఎలా ఉండేదో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

బాత్రూమ్‌కు ఆనుకున్న గోడకు చెక్క షీటు వద్దే వద్దు. 2009 అక్టోబరు వరదలో నీళ్లు నిలిచిన కర్నూలు ఇళ్లలోనూ, కడపలో బుగ్గవంక పక్కన ఉన్న ఇళ్లలోనూ కింది మూడు నాలుగు అడుగులు బండలకే వదిలేయడం మేలు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ కనీసం నెల రోజులు ఆరాలి.

ఇక షీటు సంగతి. షాపులో 'కమర్షియల్' అని అమ్మే ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) ప్లై గాలిలోని చెమ్మను కాస్త ఓర్చుకుంటుంది, నీటిని ఓర్చుకోదు. అందులో వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ బంక. మరిగే నీటిని ఓర్చుకునే బీడబ్ల్యూఆర్ (బాయిలింగ్ వాటర్ రెసిస్టెంట్), బీడబ్ల్యూపీ (బాయిలింగ్ వాటర్ ప్రూఫ్) రకాల్లో ఫినాల్ బంక వాడతారు. షాపువాళ్లు '710' అనేది ఐఎస్ 710 ప్రమాణం ఉన్న మెరైన్ ప్లై. దాని ముక్కను 72 గంటలు మరిగించినా పొరలు విడిపోకూడదు. బాగా ఆరిన లోపలి గోడకు ఎంఆర్ సరిపోతుంది. బయటి గోడల లోపలి వైపుకు మాత్రం బీడబ్ల్యూఆర్ తీసుకోండి. మెరైన్ కొన్నామన్న ధీమాతో చెమ్మ గోడకు బిగిస్తే బంక నిలుస్తుంది గానీ వెనక బూజు పట్టక మానదు.

షీటు మీద 710 అని ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. ఐఎస్‌ఐ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు వస్తుంది. షీటు అంచును కూడా చూడండి. లోపలి పొరల మధ్య సందులు, పొర మీద పొర ఎక్కిన చోట్లు ఉండకూడదు. రూపాయి బిళ్లతో అక్కడక్కడా తట్టండి, డొల్ల చప్పుడు వస్తే పక్కన పెట్టేయండి. ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుని ఇంట్లో నాలుగు గంటలు మరిగిస్తే యూరియా బంక దాగదు.

ఎండీఎఫ్ నున్నగా ఉంటుంది, పెయింటుకు బాగుంటుంది. దాని బలహీనత అంతా కోసిన అంచులోనే ఉంది. అక్కడ నీరు తగిలితే బ్రెడ్డు ముక్కలా ఉబ్బుతుంది, ఆరాక కూడా మునుపటి మందానికి రాదు. మన దగ్గర వేసవంతా నీళ్ల కూలర్లు నడుస్తాయి కదా, కూలరు గాలి తగిలే గోడకు మామూలు ఎండీఎఫ్ వేయొద్దు. చెక్క తురుమును అదిమి చేసే పార్టికల్ బోర్డు అసలే వద్దు, స్క్రూ పట్టు ఉండదు. పడకగదికి ఎండీఎఫ్ కావాలంటే బంకలోని ఫార్మాల్డిహైడ్ వాయువు తక్కువగా వెలువడే ఈ1 లేదా ఈ0 రకం అడగండి. ఎండలకు అది ఎక్కువగా వెలువడుతుంది. పని అయ్యాక రెండు వారాలు కిటికీలు తెరిచి ఉంచాలి. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

చెదల మందు షీటు బిగించాక కొడితే ప్రయోజనం తక్కువ. గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ముందే మందు పోయించాలి. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ అయితే లీటరుకు 19 లీటర్ల నీళ్లు. లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లతోనే చేయించండి, ఆ సమయంలో పిల్లల్ని ఇంట్లో ఉంచొద్దు.

లెక్క ఒకటి చూద్దాం. గోడ 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు అనుకుందాం. షీటు ఎనిమిది బై నాలుగు. పై నుంచి కింది దాకా చెక్కే వేస్తే నాలుగు షీట్లు కొనాలి, నాలుగోదాంట్లో సగానికి పైగా వృథా. దానికి బదులు కింద పది అంగుళాలు కడప బండ వేయించి, అర అంగుళం సందు వదిలి, పైన నిండు షీట్లు నిలబెడితే మూడే చాలు. నేల తుడిచే నీళ్లు చెక్కను తాకవు. బండ మీద చెదలు మట్టి దారి కడితే కంటికి కనిపిస్తుంది. పైన మిగిలే అంగుళంన్నర సందును పూర్తిగా మూసేయకండి, వెనక గాలి ఆడాలి.

షీటు వెనక గోడకు కొట్టే రీపర్లు (సన్నని చెక్క బద్దలు) నిలువుగా, 12 మిల్లీమీటర్ల షీటుకు రెండడుగులకొకటి. పైన లెక్క వేసిన 12 అడుగుల గోడకు ఏడు పడతాయి. 6 మిల్లీమీటర్ల షీటయితే 16 అంగుళాలకొకటి వేయాలి, లేకపోతే చెయ్యి ఆనిస్తే లోపలికి పోతుంది. రీపరు కూడా నేలకు తగలకూడదు. బెరడు మిగిలిన చెక్కను వెనక్కి పంపండి, పురుగు అక్కడి నుంచే మొదలవుతుంది. బిగించే ముందు షీట్లను అదే గదిలో మూడు రోజులు, మధ్య మధ్య రీపర్లు పెట్టి పడుకోబెట్టాలి. గోడకు ఆనించి నిలబెడితే వంగిపోతాయి. షీటుకు షీటుకు మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలండి. మే నెలలో ఎండిన షీటు ఆగస్టులో పెరుగుతుంది, చోటు లేకపోతే ముందుకే ఉబ్బాలి. "సందు కనబడితే బాగుండదు సార్" అని కార్పెంటరు అంటాడు, పైన పట్టీ కొట్టమనండి.

ముందు వైపు మాత్రమే లామినేటు వేసి, వెనక వైపు పచ్చిగా వదిలేస్తే ఆ వైపే చెమ్మ పీల్చి షీటు విల్లులా వంగుతుంది. వెనక పలుచని లామినేటు, లేదంటే రెండు పూతలు వుడ్ ప్రైమర్ వేయించండి. పడమటి గోడకు బంక ఒక్కటే పెట్టి అంటించడం వద్దు, సాయంత్రం వేడికి బంక మెత్తబడుతుంది. స్క్రూలు అంచుల్లో ఆరు అంగుళాలకు, మధ్యలో అడుగుకు ఒకటి.

కరెంటు స్విచ్ బాక్సులు షీటు ముందు అంచు దాకా రావాలి. వైరు జాయింట్లు చెక్క వెనక దాగకూడదు. దీపం వెలిగించే గోడకు, పొయ్యి వెనక గోడకు చెక్క వద్దు.

ఒక మూల షీటును బంక లేకుండా స్క్రూల మీదే ఉంచమనండి. మొదటి గట్టి వాన పడిన వారానికి దాన్ని విప్పి, వెనక చెయ్యి పెట్టి చూడండి.