ప్రోటీన్ స్విచ్‌ల లెక్క – పాఠం 3: పోటీ పడే రెండు ఎంజైములు

గత పాఠంలో హిల్ సమీకరణం చూశాం: సిగ్నల్ పెరిగేకొద్దీ ప్రోటీన్ స్పందన ఎంత నిటారుగా పెరుగుతుందో అందులోని ఘాతం చెబుతుంది. ఘాతం 1 అయితే, స్పందన 10 శాతం నుంచి 90 శాతానికి చేరడానికి సిగ్నల్ 81 రెట్లు పెరగాలి. దాన్ని స్విచ్ అనలేం. ఘాతం పెంచితే గీత నిటారుగా లేస్తుంది, నిజమే. కానీ కణంలో ఆ ఘాతం ఎక్కడి నుంచి వస్తుంది? నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే.

1981లో గోల్డ్‌బెటర్, కోష్‌లాండ్ అనే శాస్త్రవేత్తలు ఒక దారి చూపించారు. ప్రోటీనుకు కైనేజ్ అనే ఎంజైము ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఫాస్ఫటేజ్ అనే ఎంజైము దాన్ని ఊడదీస్తుంది. రెండు వేగాలూ సమానమైన చోట వ్యవస్థ నిలకడకు వస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన వాటాను 'య' అందాం. కైనేజ్ గరిష్ఠ వేగాన్ని ఫాస్ఫటేజ్ గరిష్ఠ వేగంతో భాగిస్తే వచ్చే సిగ్నల్ 'స'. మికాయెలిస్ స్థిరాంకాన్ని (ఎంజైము తన గరిష్ఠ వేగంలో సగం అందుకునే ప్రోటీన్ గాఢత) మొత్తం ప్రోటీన్ గాఢతతో భాగిస్తే 'క'. రెండు ఎంజైములకూ ఇది ఒకటే అనుకుందాం. అప్పుడు:

స = [య × (క + 1 − య)] ÷ [(1 − య) × (క + య)]

'య' కనుక్కోవాలని కూర్చుంటే వర్గ సమీకరణం మెడకు చుట్టుకుంటుంది. అక్కర్లేదు, తిరగేయండి: 'య' మనమే ఎంచుకుని 'స' లెక్క కడదాం.

క = 10 తీసుకోండి. య = 0.1 అయితే స = 1.09 ÷ 9.09, అంటే 0.12. య = 0.9 అయితే 8.34. దాదాపు 70 రెట్ల తేడా. మళ్లీ ఆ బద్ధకపు గీతే.

ఇప్పుడు క = 0.01. య = 0.1 దగ్గర 0.091 ÷ 0.099 = 0.919. య = 0.9 దగ్గర 1.088. సిగ్నల్ 18 శాతం పెరిగితే చాలు, ప్రోటీన్ దాదాపు మొత్తం అటు నుంచి ఇటు మారిపోయింది! హిల్ ఘాతంలో చెప్పాలంటే ఇది సుమారు 26.

ఎందుకిలా? ప్రోటీన్ పుష్కలంగా ఉంటే రెండు ఎంజైములకూ ఊపిరాడనంత పని. రెండూ తమ గరిష్ఠ వేగంతోనే నడుస్తుంటాయి. ఒకటి కాస్త ముందున్నా, రెండోది ఇంకా వేగం పెంచుకోలేదు. ఆ చిన్న తేడా పేరుకుంటూ పోయి, ప్రోటీన్ ఒకవైపే చేరుతుంది.

ఒక్క జాగ్రత్త. ఎంజైముకు అతుక్కుని ఉన్న ప్రోటీన్‌ను ఈ లెక్క పట్టించుకోదు. కణంలో ఎంజైము, ప్రోటీన్ సమాన స్థాయిలో ఉంటే స్విచ్ పదును బాగా తగ్గిపోతుంది. మోడల్ వాడేముందు ఆ గాఢతలు తప్పకుండా చూసుకోండి.

అభ్యాసం: క = 1 పెట్టి చేయండి. సుమారు 27 రెట్లు రావాలి. రాకపోతే బ్రాకెట్లు మళ్లీ చూడండి.