నీళ్లు లేకుండా బైకును శుభ్రం చేసుకునే పద్ధతి
బెంగళూరు జలమండలి 2024 మార్చిలో తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. మారతహళ్లి వంటి చోట్ల ట్యాంకర్ నీటితో నెట్టుకొచ్చే మన తెలుగువారు వేసవిలో నీళ్లు పోయకుండానే మురికిని వదిలించే వాటర్‌లెస్ వాష్ స్ప్రేను అలవాటు చేసుకోవడం మంచిది.

బండిని నీడలో నిలిపి, ఇంజను పూర్తిగా చల్లారాక, మెత్తటి బ్రష్షుతో దుమ్మును ఒత్తకుండా దులపాలి. తర్వాత పెట్రోలు ట్యాంకు బాగా తడిసేలా స్ప్రే చేసి, మురికి నానేందుకు అర నిమిషం ఆగి, నాలుగు మడతలు పెట్టిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిశలో తేలికగా తుడుస్తూ, ప్రతిసారీ మడత తిప్పి శుభ్రమైన వైపునే వాడాలి. ఎందుకంటే గుడ్డకు అంటుకున్న ఇసుక రేణువులే పెయింటు మీద సన్నని గీతలు పెడతాయి. పాత బనియను గుడ్డతో గుండ్రంగా రుద్దే అలవాటును దయచేసి మానుకోండి.

గట్టిపడిన బురదకు ఈ పద్ధతి పనికిరాదు. దాని మీద తడిగుడ్డ పరిచి, మెత్తబడ్డాకే తీయాలి. బ్రేకు డిస్కుల మీద, టైర్ల మీద, సీటు మీద స్ప్రే పడనివ్వకూడదు. చివరగా పెయింటు మీద పలుచగా వ్యాక్స్ పూసి, ఆరాక పొడిగుడ్డతో తుడిస్తే దుమ్ము అంత సులభంగా అంటుకోదు. మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని పెయింటు) బండికి మాత్రం మామూలు వ్యాక్స్ పూయరాదు, అక్కడక్కడా మెరిసే మచ్చలు పడతాయి.