మోకాళ్లకు కరెంటు పెట్టుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది "మోకాలికి కరెంటు పెట్టండి సార్" అనే. కాశీనగర్ నుంచో, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచో బస్సెక్కి వస్తారు. ఎక్కువమంది ఏళ్ల తరబడి పొలం పనులు చేసి, గొంతుక్కూర్చుని ఇంటి పనంతా లాక్కొచ్చిన ఆడవాళ్లే. ఈ కరెంటు పెట్టేది టెన్స్ మెషీన్, చర్మానికి అంటించిన ప్యాడ్ల గుండా సన్నటి కరెంటు పంపుతుంది. ఇప్పుడు చిన్న టెన్స్ మెషీన్లు ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతున్నాయి కాబట్టి, ఇంట్లో పెట్టుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

టెన్స్ అరిగిపోయిన కీలును బాగుచేయదు. చర్మం మీద జివజివమనే స్పర్శ వెన్నుపాముకు చేరితే నొప్పి సంకేతాలు పైకి పోవడం తగ్గుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన గేట్ సిద్ధాంతం ఇదే. అమెరికాలో కీళ్ల డాక్టర్ల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ) 2019లో, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో మోకాలి అరుగుదలకు దీన్ని వాడొద్దనే చెప్పాయి, గట్టి ఆధారాలు లేవని. అయినా నేను కొందరికి పెడుతున్నాను. కరెంటు ఉన్నంతసేపు, తీశాక కాసేపు నొప్పి తగ్గేవాళ్లు ఉన్నారు, ఆ కాస్త వ్యవధిలో వాళ్ల చేత వ్యాయామం చేయించవచ్చు. మోకాలిని నిలబెట్టేది ఆ వ్యాయామమే.

గుండెలో పేస్‌మేకర్ ఉంటే మాత్రం డాక్టరు ఒప్పుకోకుండా మెషీన్ జోలికే వెళ్లకండి. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు, కాన్సర్ ఉన్నవాళ్లు కూడా ముందు అడగాలి. షుగర్ వల్ల స్పర్శ తగ్గిందేమో చూసుకోండి: కళ్లు మూసుకుని ఒకసారి దూది, ఒకసారి చల్లని చెంచా మోకాలి దగ్గర ఆనించమనండి, తేడా తెలియకపోతే కరెంటు వద్దు, చర్మం కాలినా తెలియదు.

ఇక పెట్టే పద్ధతి. మన ఇళ్లల్లో వెల్లుల్లి వేసి కాచిన ఆవనూనె రాసుకుని వస్తారు, దాని మీద ప్యాడ్ అంటదు, అంటినా కరెంటు ఒకే చోట గుచ్చుతుంది. సబ్బుతో కడిగి బాగా తుడవండి. పుండు, దద్దుర్లు ఉన్నచోట అంటించొద్దు. కాలు చాపి, మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని కూర్చోండి. నాలుగు ప్యాడ్లలో రెండు చిప్పకు పైన, రెండు కింద, లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి చొప్పున. ఒక వైరు జత లోపలి పై నుంచి బయటి కిందికి, ఇంకోటి దానికి అడ్డంగా, అంటే రెండు దారులూ మోకాలి మీద కలవాలి. చిప్ప మీద పెట్టొద్దు, ఒక ప్యాడ్ ఇంకో ప్యాడ్‌ను తాకకూడదు.

ఫ్రీక్వెన్సీ 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టి, కరెంటు మీట సున్నాలో ఉండగానే ఆన్ చేసి, మెల్లగా పెంచండి. మొదట ఏమీ తెలియదు, తర్వాత సన్నగా జివజివ, ఆ పైన గట్టిగా. గట్టిగా తెలుస్తూనే హాయిగా ఉన్నచోట ఆపండి, తొడ కండ ఎగిరితే కాస్త తగ్గించండి. "ఎక్కువ పెడితే ఎక్కువ పనిచేస్తుంది" అనుకుని పళ్లు బిగబట్టుకుని కూర్చునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, అలా భరించాల్సిన అవసరం అసలు లేదు. కాసేపయ్యాక స్పర్శ మందగిస్తే ఒక్క గీత పెంచుకోవచ్చు. 20 నుంచి 30 నిమిషాలు చాలు, పెట్టుకుని నిద్రపోవద్దు, స్నానానికి వెళ్లొద్దు.

తీసేముందు మెషీన్ ఆపండి. ప్యాడ్ల కింద కాస్త ఎర్రబడితే త్వరగానే పోతుంది, పోకుండా దురద పెడితే మళ్లీ వాడొద్దు.

ఆ వెంటనే, నొప్పి మళ్లీ రాకముందే, తువ్వాలును మోకాలితో కిందికి నొక్కి 5 సెకన్లు పట్టి వదలండి, 10 సార్లు. తర్వాత రెండో కాలు మడిచి, నొప్పి కాలు నిటారుగా జానెడెత్తు లేపి దించండి. ఇవి అలవాటయ్యాక కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం. ఇవి లేకుండా కరెంటొక్కటే పెట్టించుకోవడానికి బస్సు చార్జీలు పెట్టుకుని రావొద్దమ్మా అని నేను మొహం మీదే చెప్తాను.

మోకాలు వేడెక్కి వాచి జ్వరం వచ్చినా, పిక్క వాచినా, పడ్డాక కాలు మోపలేకపోయినా మెషీన్ పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.