కరకరలాడే కోల్‌స్లా – 3వ పాఠం: నీళ్ళ సంగతి

పోయిన పాఠంలో క్యాబేజీని దారాల్లా తరగడం సాధన చేశాం. ముక్కలు ఇంకా లావుగా వస్తుంటే టెన్షన్ పడకండి, చేయి తిరగడానికి రెండు మూడు క్యాబేజీలు పడతాయి. కోల్‌స్లా అన్న పేరు డచ్ వాళ్ళది. వాళ్ళ భాషలో 'కోల్' అంటే క్యాబేజీ, 'స్లా' అంటే సలాడ్. కాబట్టి ఇందులో క్యాబేజీ కరకరలాడకపోతే మిగతావన్నీ ఎంత బాగా కుదిరినా లాభం లేదు.

కలిపిన అరగంటకే గిన్నె అడుగున తెల్లటి నీళ్ళు చేరడం చాలామందికి అనుభవమే. ఆ నీళ్ళు క్యాబేజీ నుంచీ వస్తాయి, డ్రెస్సింగ్‌లో (క్యాబేజీకి కలిపే ముద్దలో) వాడే పెరుగు నుంచీ వస్తాయి.

ముందు క్యాబేజీ. 400 గ్రాముల ముక్కలకు ఒక టీస్పూను ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో 45 నిమిషాలు వదిలేయండి. ఉప్పు కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. తర్వాత గుప్పెడు గుప్పెడుగా తీసుకుని గట్టిగా పిండండి. కాకరకాయ ముక్కలను ఇలా పిండడం మనకు అలవాటే. అక్కడ చేదు పోవడానికి, ఇక్కడ నీళ్ళు పోవడానికి. పిండిన క్యాబేజీ వంగుతుంది, మెత్తబడిందని అనిపిస్తుంది. ఒక ముక్క కొరికి చూడండి, కరకర అలాగే ఉంటుంది. ఇందులో ఒక క్యారెట్ తురుము కలపండి.

ఇక పెరుగు. రెండు కప్పుల గట్టి పెరుగును పలుచని బట్టలో కట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో 4 గంటలు ఉంచండి. ఈలోగా గుప్పెడు కొత్తిమీర (లేత కాడలతో సహా), పది పుదీనా ఆకులు కడిగి, బట్ట మీద పూర్తిగా ఆరనివ్వండి. తడి ఆకు వేస్తే ఇంతసేపు పడ్డ కష్టం వృథా. ఒక పచ్చిమిర్చి, ఒక వెల్లుల్లి రెబ్బ, రెండు చెంచాల వాసన లేని నూనె చేర్చి మెత్తగా రుబ్బండి. పుదీనా ఎక్కువ వేయకండి, చేదు వస్తుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను: పెరుగును మిక్సీలో వేయకండి. బ్లేడు తిరిగితే గట్టి పెరుగు కూడా జారిపోతుంది. చెంచాతోనే ఆకుల ముద్దలో కలపండి. చివర్లో అర నిమ్మకాయ రసం. ఉప్పు మాత్రం రుచి చూశాకే, క్యాబేజీలో ఇప్పటికే ఉంది.

తినే పది నిమిషాల ముందు క్యాబేజీ, ఈ డ్రెస్సింగ్ రెండూ కలిపి, పైన వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచి చల్లండి.

ఈ వారం అభ్యాసం: కొంచెం క్యాబేజీని ఉప్పు పెట్టకుండా పక్కన ఉంచి, దాన్ని వేరే గిన్నెలో ఇదే డ్రెస్సింగ్‌తో కలపండి. గంట తర్వాత రెండు గిన్నెల అడుగులూ చూసి రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో పచ్చి బొప్పాయి తురుముతో మొదలుపెట్టినప్పుడు ఆ రాత అవసరమవుతుంది.