మన్యంలో చలి తగ్గిందా, వాన మారిందా? లెక్క మీరే తీయండి ఇలా

డిసెంబర్ వస్తే చాలు, 'లంబసింగిలో సున్నా డిగ్రీలు' అని వార్తలు మొదలవుతాయి. మార్చికల్లా 'మునుపటి చలి ఎక్కడిదండీ' అనే మాట వినిపిస్తుంది. రెండింటితోనూ ఏమీ తేలదు. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడని రాత్రి చల్లగాలి పల్లానికి జారి పేరుకుంటుంది. మర్నాడు మబ్బు పట్టిందంటే అదే ఊళ్లో చలి సగానికి సగం పోతుంది. మార్పు తెలియాలంటే కనీసం 30 ఏళ్ల లెక్క కావాలి. ప్రపంచ వాతావరణ సంస్థ 'సాధారణం' అనేది కూడా 30 ఏళ్ల సగటునే. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991–2020. ఒక కంప్యూటర్, ఒక ఖాళీ ఆదివారం ఉంటే అరకు లోయ లెక్క ఇంట్లోనే తీయొచ్చు.

1. ముందు ఎత్తు రాసుకోండి

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకెక్కితే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, విశాఖకూ అరకుకూ తేడా ఆరు డిగ్రీలకు దగ్గర్లో ఉండాలి. భారత వాతావరణ శాఖ దేశపటాన్ని గడులుగా విడగొట్టి, గడికో అంకె చొప్పున 1951 నుంచి ఇచ్చే ఉష్ణోగ్రతల్లో ఒక్కో గడి వెడల్పు సుమారు 110 కి.మీ. విశాఖ బీచ్ నుంచి అరకుకు తిన్నగా గీత గీస్తే అంత దూరం రాదు! అంత పెద్ద గడిలో లోయ, గట్టు, మైదానం అన్నీ కలిసిపోతాయి. వాన విషయంలో నయం: 1901 నుంచి ఉంది, గడి 28 కి.మీ.

2. డేటా దించుకోండి

వాతావరణ శాఖ ఫైళ్లు తెరవాలంటే కాస్త కోడింగ్ రావాలి. రానివాళ్లకు నాసా 'పవర్' సైట్ సులువు, ఉచితం కూడా. మ్యాప్ మీద అరకును నొక్కి, రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు ఎంచుకుని, 1981 జనవరి 1 నుంచి సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునేది) దించుకోండి.

ఫైల్ తెరవగానే అంకెల మీదికి వెళ్లకండి. పైనున్న లైన్లలో ఆ గడి సగటు ఎత్తు ఉంటుంది. అది 900 మీటర్లకు బాగా తేడాగా ఉంటే, ఆ అంకెలతో 'అరకులో ఇన్ని డిగ్రీలు' అని చెప్పలేం. పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది చూడటానికి మాత్రం పనికొస్తాయి. లెక్క దొరకని చోట -999 అని ఉంటుంది. దాన్ని తీసేయకుండా సగటు కట్టారంటే అరకు అంటార్కిటికా అయిపోతుంది.

3. పగలు వేరు, రాత్రి వేరు

ఎక్సెల్‌లో అంకెలను గుంపులుగా కూర్చి లెక్కకట్టే పివట్ టేబుల్‌తో నెలవారీ సగటులు తీయండి. గరిష్ఠం, కనిష్ఠం కలిపేయొద్దు. మబ్బులు ఎక్కువైతే పగటి వేడి తగ్గుతుంది, రాత్రి చలీ తగ్గుతుంది. కలిపిన సగటులో రెండూ కొట్టుకుపోతాయి. ఏప్రిల్–మే గరిష్ఠాలు ఒక కాలమ్‌లో, డిసెంబర్–జనవరి కనిష్ఠాలు ఇంకో కాలమ్‌లో పెట్టండి. డిసెంబర్‌ను తర్వాతి ఏడాది జనవరితో జత చేయాలి.

4. వాలు చూడండి

ఎక్సెల్‌లో స్లోప్ ఫార్ములాకు ముందు సగటులు, తర్వాత ఏళ్లు ఇస్తే ఏడాదికి ఎంత మార్పో వస్తుంది. పదితో గుణిస్తే పదేళ్లకు ఎంతో తెలుస్తుంది. ఇప్పుడు 1981 బదులు 1985 నుంచి, 1990 నుంచి మళ్లీ చేయండి. ప్రతిసారీ పెరుగుదలే వస్తే నమ్మొచ్చు. ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్ వస్తే గట్టిగా ఏమీ చెప్పకండి. గణితం మీద ఆసక్తి ఉన్నవాళ్లు, ఆ మార్పు నిజమైనదా, కాకతాళీయమా అని చూసే మాన్–కెండాల్ పరీక్ష కూడా చేసుకోవచ్చు.

5. వాన మొత్తాన్ని నమ్మకండి

నా ఉద్దేశంలో కొండల్లో అసలు కథంతా ఇక్కడే ఉంది. ఏడాది మొత్తం అంతే ఉన్నా, పడాల్సిన నెలలో పడకపోతే రైతుకు ఏం లాభం? కాఫీనే చూడండి. ఫిబ్రవరి–ఏప్రిల్ మధ్య ఒక మంచి వాన పడితే, వారం పది రోజుల్లో తోటంతా తెల్లగా పూస్తుంది. ఆ తర్వాత ఇంకో వాన పడకపోతే పిందె సరిగా నిలవదు. అందుకే ఆ మూడు నెలల వానకు వేరే కాలమ్ పెట్టండి.

వానకు మండల వర్షమాపకం లెక్క దొరికితే అదే మేలు. ఉదయం 8.30కి రాసే అంకె అంతకుముందు 24 గంటలది. రాత్రి కురిసిన వాన మర్నాటి తేదీ మీద కనిపిస్తుంది. మొత్తంతో పాటు మరో రెండు లెక్కించండి: 2.5 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ పడిన రోజులెన్ని, 64.5 మి.మీ. లేదా అంతకు మించి భారీ వాన పడిన రోజులెన్ని. వాన రోజులు తగ్గి, భారీ వానలు పెరిగితే మొత్తం మారకపోయినా వాన తీరు మారినట్టే. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ లాంటి తుఫాను ఒక్కటే అక్టోబర్ సగటును పైకి లాగేస్తుంది. అక్కడ సగటు కాకుండా మీడియన్ (అంకెలన్నీ వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది) తీయండి.

6. పెద్దవాళ్లను అడగండి, కానీ అడిగే తీరుంది

'ఎండలు పెరిగాయా తాతా?' అంటే ఎవరైనా 'పెరిగాయి నాయనా' అనే అంటారు. 'ఊట ఏ నెలదాకా పారేది? హుద్‌హుద్‌కు ముందు కాఫీ ఎప్పుడు పూసేది?' అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. వాటిని మీ కాలమ్‌ల పక్కన రాసుకోండి. ఊట తగ్గిందన్నారు కదా అని వాన తగ్గిందని మాత్రం రాసేయకండి. పైన చెట్లు కొట్టేసినా, పక్కన బోర్లు పడినా ఊట ఎండుతుంది. వాన లెక్క నిలకడగానే ఉండి ఊట ఎండిపోతుంటే, ఫైల్ మూసి ఆ గట్టు ఎక్కి చూసి రావాల్సిందే.