విశాఖలో విక్టోరియా కాలం నాటి ఇంటిని బాగు చేయించుకునే పద్ధతి

విశాఖపట్నం వన్‌టౌన్‌లో క్వీన్ మేరీ స్కూలు, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల సందుల్లోనూ, అటు వాల్తేరు మెరక మీదా, విక్టోరియా రాణి ఏలిన కాలంలోనో (1837–1901), ఆ వెంటనే వచ్చిన దశాబ్దాల్లోనో కట్టిన ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. మందపాటి రాతి గోడలు లేదా ఇటుక గోడలు, టేకు దూలాలు, ఎత్తైన కప్పు, వీధి వైపు వరండా, వెనక పెరడు సాధారణంగా వీటిలో కనిపిస్తాయి. అలాంటి ఇల్లు మీ చేతికి వచ్చి, దాన్ని పడగొట్టకుండా కాపురానికి అనువుగా చేసుకోవాలని మీరు నిశ్చయించుకుంటే, మొదట మనసులో పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది: ఇది సిమెంటు ఎరగని ఇల్లు. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో పోర్‌బందర్‌లో ఫ్యాక్టరీ వచ్చిన తర్వాతే. అంతకు ముందటి గోడలు సున్నంతో కట్టినవి. సున్నపు గోడ తడిని పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. ఇలాంటి ఇళ్ళలో ఇప్పుడు కనిపించే జబ్బుల్లో చాలా భాగం ముసలితనం వల్ల వచ్చినవి కావు, గత యాభై అరవై ఏళ్ళలో మంచి ఉద్దేశంతోనే చేయించిన సిమెంటు మరమ్మతుల వల్ల వచ్చినవి.

కాగితాల సంగతి ముందుగా తేల్చుకోవాలి. తాతల నాటి ఇల్లు సాధారణంగా ఒక్కరి పేరున ఉండదు. అన్నదమ్ములకు, మేనత్తలకు, వారి పిల్లలకు వాటా ఉన్న చోట ఖర్చు ఎవరు పెడుతున్నారు, రేపు పంపకాల్లో ఆ ఖర్చు ఎలా లెక్కకు వస్తుంది అన్నది రాసుకోకుండా పని మొదలుపెడితే ఇల్లు బాగుపడే లోపల చుట్టరికాలు చెడతాయి. గోడలు, కప్పులు కదిలించే పనులకు అనుమతి అవసరమా అన్నది జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగాలి. స్థలం సముద్రానికి దగ్గరగా ఉంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనల గురించి కూడా అక్కడే విచారించాలి. పాత కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే ఇంటాక్ సంస్థకు విశాఖలో శాఖ ఉంది కనుక, సున్నం పని తెలిసిన ఇంజనీర్ల కోసం అక్కడ వాకబు చేయవచ్చు.

ఆ తర్వాత వెంటనే మేస్త్రీని పిలవకండి. వీలైతే ఒక వానాకాలం ఇంటిని ఊరికే చూడండి. విశాఖకు జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య గాలులతో పాటు తుఫానులూ వస్తాయి. వాన పడుతుండగా టార్చిలైటుతో గది గదీ తిరిగి, తడి కనిపించిన చోటల్లా సుద్దముక్కతో హద్దు గీసి తేదీ వేయండి. నేల నుంచి నడుము ఎత్తు దాకా చెమ్మ ఎక్కితే అది భూమిలోంచి వస్తున్నది. గోడ పైభాగాన మరక దిగితే కప్పుది. నడిమధ్యన మచ్చలా కనిపిస్తే పక్కనే పైపో, కిటికీ అడుగు భాగమో కారణం. గోడ బీటకు అడ్డంగా సన్నటి గాజు పలకను పెట్టి, దాని రెండు కొనలనూ సున్నంతో అతికించి, బీట చివర పెన్సిలుతో గీత గీసి వదిలేయండి. వానాకాలం గడిచాక గాజు పగలకుండా, గీత దాటి బీట సాగకుండా ఉంటే అది పాత గాయం, నింపితే చాలు. గాజు పగిలితే పునాది ఇంకా కదులుతున్నదని అర్థం. అప్పుడు ఇంజనీరు చూడకుండా ఒక్క ఇటుక కూడా తీయకూడదు.

వన్‌టౌన్ ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల ఒకప్పుడు వీధి కంటే ఎత్తున ఉన్న గడప ఇప్పుడు వీధికి సమానంగానో, ఇంకా కిందికో చేరి ఉంటుంది. వాన నీరు గోడ అడుగునే నిలుస్తుంది. రోడ్డును మనం తగ్గించలేము కానీ, మన ఆవరణలోనైనా గోడ పక్కన మట్టిని లోపలి గచ్చు కంటే కనీసం అర అడుగు కిందికి తవ్వించి, గోడను ఆనించి పోసిన సిమెంటు అరుగులుంటే తీయించి, కంకర పోసి, నీరు బయటికి పారేలా వాలు ఇవ్వవచ్చు. చాలా ఇళ్ళలో నడుము ఎత్తు చెమ్మకు సగం మందు ఇదే, ఖర్చు కూడా తక్కువ.

అసలు శ్రద్ధ పెట్టవలసింది కప్పు మీద. మిద్దె ఇళ్ళకు అప్పట్లో మద్రాస్ టెర్రస్ వేసేవారు. గోడ నుంచి గోడకు టేకు దూలాలు పరచి, వాటి మీద చిన్న పలుచటి ఇటుకలను ఐమూలగా, అంచు మీద నిలబెట్టి సున్నంతో పేర్చి, ఆపైన ఇటుక జల్లి కలిపిన సున్నపు కాంక్రీటు పోసి, కర్ర బడితెలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచి, చివరగా పలక పెంకులు పరిచేవారు. ఈ కప్పు కారితే సాధారణంగా చెప్పే చిట్కా, పైన రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోసేయడం. లెక్క వేసి చూడండి: ఆ మందానికి చదరపు మీటరుకు సుమారు 120 కిలోల బరువు పడుతుంది, 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న గది మీద అది 2,400 కిలోలు. నూరేళ్ళు దాటిన దూలం మీద ఇంత భారం ఎక్కించడం సాహసమే. పైగా లోపల చిక్కిన తడి పైకి పోలేక కిందికి దిగి దూలాన్ని తినేస్తుంది. తారు పూతలకు, ప్లాస్టిక్ షీట్లకు కూడా ఇదే అభ్యంతరం.

చేయవలసిన పని ఓపికతో కూడినది. మేడ మీద చెత్త, నాచు శుభ్రం చేసి, పలక పెంకుల దర్జులు (అతుకు సందులు) ఎక్కడ విడిపోయాయో చూసి, వదులైన పాత సున్నాన్ని గీకి తీసి, సున్నం, ఇటుక పొడి, ఇసుక కలిపిన మాలుతో నింపాలి. కర్రతో తడుతూ నడిస్తే బోలుగా మోగే చోట కింది పొర విడిపోయినట్టు లెక్క. అక్కడ మాత్రమే, కింద ఊతకర్రలు పెట్టి, కొద్దికొద్దిగా తీసి తిరిగి వేయాలి. పిట్టగోడల్లో మొలిచిన రావి మొక్కను పట్టుకుని లాగకండి, వేరుతో పాటు గోడ కూడా ఊడి వస్తుంది. మొదలు కోసి, వేరుకు కలుపు మందు పూసి, అది చచ్చాక దర్జు విప్పి తీయాలి. వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు అంటే టన్ను బరువు. దాన్ని ఈ కప్పు మీద కాకుండా పెరట్లో విడిగా స్తంభాల మీద నిలబెట్టించండి.

బంగాళాపెంకుల కప్పు అయితే పని వేరు. మంగళూరులో 1865లో బాసెల్ మిషన్ వారు మొదలుపెట్టిన పెంకుల పరిశ్రమ పుణ్యమా అని, ఒకే అచ్చులో, ఒకదానిలో ఒకటి ఇమిడే ఈ పెంకులు తీరమంతా పాకాయి. వీటిని జాగ్రత్తగా దింపి, కడిగి, వేలితో తడితే ఖంగుమనేవి దాచుకుని, మొద్దుగా మోగేవి పక్కన పెట్టాలి. వాసాలు, రీపర్లు (పెంకులు ఆనే సన్నటి చెక్క బద్దలు) సరిచేసి తిరిగి పరిచేటప్పుడు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరాన్ని తాకిన తీరును గుర్తు పెట్టుకోవాలి. గాలి పెంకును పైనుంచి తోయదు, కిందినుంచి ఎత్తుతుంది. ఆ ఎత్తుడు చూరు దగ్గర, కొప్పు దగ్గర ఎక్కువ. కాబట్టి ఆ వరుసల్లో పెంకులను తుప్పు పట్టని తీగతో రీపరుకు కట్టించి, కొప్పు పెంకులను సున్నపు మాలులో కూర్చోబెట్టించండి. కప్పు పనులు జనవరిలో మొదలుపెట్టి జూన్ లోపు ముగించేటట్లు చూసుకోవాలి.

దూలాలను మధ్యలో చూసి మురిసిపోకండి, బర్మా టేకు మధ్యలో పాడవడం అరుదు. గోడలోకి దూరే కొనల దగ్గర చూడాలి. అక్కడ సుత్తితో మెల్లగా తట్టి చప్పుడు వినండి, ఆపై స్క్రూడ్రైవరు కొనతో గట్టిగా పొడవండి. మంచి టేకులో అది దిగదు. పుచ్చిన చోట వేలెడు లోతు దిగి, బయటికి తీస్తే కొనకు తడి పొడి అంటుకుని వస్తుంది. అంత మాత్రాన దూలం మొత్తం మార్చనక్కరలేదు. కప్పును ఊతకర్రల మీద నిలిపి, పుచ్చిన కొనను కోసేసి, అదే మందం పాత టేకు ముక్కను ఏటవాలు అతుకుతో జోడించి, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులతో బిగించడం తెలిసిన వడ్రంగులు ఉన్నారు. తిరిగి గోడలో పెట్టేటప్పుడు కొన చుట్టూ గాలి ఆడేలా వేలెడు సందు వదలాలి. చెదల మందు నేలకు పట్టించడం లైసెన్సు ఉన్నవారితోనే చేయించాలి. కర్రకు మాత్రం బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీరు పట్టిస్తే పుచ్చు పురుగు దరిచేరదు.

గోడల దగ్గరికి వస్తే, విశాఖలో శత్రువు ఉప్పు. సముద్రపు గాలితోనూ, నేల చెమ్మతోనూ గోడలోకి చేరిన ఉప్పు నీటిలో కరిగి తిరుగుతూ, నీరు ఆవిరైన చోట పలుకులుగా గట్టిపడి పెరుగుతుంది. పైన సిమెంటు పూత ఉంటే ఆ పలుకులు పూత వెనకే పేరుకుని, చివరకు ఇటుక ముఖంతో సహా పెచ్చులుగా ఊడదీస్తాయి. అందువల్ల సిమెంటు పూతను సుత్తి, ఉలితో చేతిపనిగా తీయించాలి, మిషను పెట్టకూడదు. ఇటుకను పట్టుకుని వదలని చోట దాన్ని అలాగే ఉంచి, వదులయ్యే వరకు ఆగడమే నయం. బయటపడిన గోడను కొన్ని నెలలు ఆరనిచ్చి, పొడిగా తేలిన ఉప్పును కుంచెతో దులపాలి, నీళ్ళతో కడగకూడదు. ఉప్పు మరీ ఎక్కువగా ఉంటే మొదటి సున్నపు పూతను త్యాగం చేయడానికే వేసి, ఉప్పంతా అందులోకి వచ్చాక గీకేసి, మళ్ళీ పూయించాలి.

పూతకు గుల్ల సున్నం గానీ రాతి సున్నం గానీ వాడవచ్చు. కాల్చిన సున్నాన్ని నీటిలో వేయాలి తప్ప సున్నం మీద నీళ్ళు పోయకూడదు. అది కుతకుత ఉడికి చిమ్ముతుంది, కళ్ళకు అద్దాలు లేకుండా ఎవరినీ దగ్గర ఉంచవద్దు. ఉడికిన సున్నాన్ని వడగట్టి, పైన నీరు నిలిపి, రెండు మూడు వారాలకు తక్కువ కాకుండా మాగనివ్వాలి. ఎంత మాగితే అంత మంచిది. దుకాణాల్లో దొరికే పొడి సున్నం సంచి పాతదైతే గాలి తగిలి చచ్చిపోయి ఉంటుంది. ఒక పాలు సున్నానికి రెండు పాళ్ళు ఇసుక, ఒక పాలు మెత్తటి ఇటుక పొడి చాలా గోడలకు నప్పుతుంది. ఇసుక నదిదే అయి ఉండాలి, బీచి ఇసుకను దగ్గరికి రానివ్వకండి. గాజు గ్లాసులో ఇసుక, నీళ్ళు పోసి కదిపి గంటసేపు ఉంచితే పైన బురద పొర మందంగా తేలే ఇసుకను కడిగించాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీరు కలపడం పాత ఆనవాయితీ. పాళ్ళు ఒక్కో మేస్త్రీవి ఒక్కో రకం కనుక ముందు గోడలో ఒక మూల పూయించి నెల రోజులు చూడండి. ఒక్కో పూత అరంగుళం దాటకూడదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి, ఎండలో తొందరగా ఆరిపోకుండా తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. ఏప్రిల్, మే నెలల్లో దీన్ని నిర్లక్ష్యం చేస్తే పూత వలలా పగులుతుంది.

ఈ పనిని చదరపు అడుగుల లెక్కన కాంట్రాక్టుకు ఇవ్వవద్దని నా సలహా. అడుగుల లెక్కలో వేగానికే డబ్బు. సున్నానికి కావలసింది ఆగడం. రోజు కూలి మీద ఒక పాత తాపీ మేస్త్రీని, ఇద్దరు కుర్రాళ్ళను పెట్టుకుంటే కాలం పట్టినా ఖర్చు చివరికి అదుపులోనే ఉంటుంది. మేస్త్రీ ఎవరికీ కనబడకుండా మాలులో ఒక తట్ట సిమెంటు కలుపుతాడేమో కనిపెట్టుకుని ఉండాలి, త్వరగా గట్టిపడుతుందని వారికి దాని మీద ప్రీతి.

తలుపులు, కిటికీలు సాధారణంగా టేకువే కనుక మార్చవద్దు. వంకర తిరిగినవాటిని విప్పించి కీళ్ళు బిగిస్తే చాలు. వాటికి ఇనప మేకులు, స్క్రూలు పనికిరావు, ఇత్తడివి వాడండి. సముద్రం దగ్గర స్టెయిన్‌లెస్ స్టీలు కూడా 316 రకమే నిలుస్తుంది, 304 రకం ఎర్రటి మరకలు పడుతుంది. కరెంటు వైరింగు మాత్రం మొత్తం తీసేయించాలి, ఇందులో సెంటిమెంటుకు చోటు లేదు. కొత్త ఎర్తింగు, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. వైర్లను గోడ తొలిచి కాకుండా పైనే గొట్టాల్లో నడిపించడం ఇలాంటి గోడకు మేలు. స్నానాల గదులను పెరటి వైపు నేల మీదే కట్టించుకోవాలి, కర్ర దూలాల అంతస్తు మీద వద్దు.

పాత గచ్చు చల్లగా, నునుపుగా ఉంటే దాన్ని కాపాడుకోండి. దాని మీద కాంక్రీటు పోసి టైల్స్ వేస్తే నేల తడి పైకి రాలేక పక్కకు తిరిగి గోడలెక్కుతుంది, తలుపులూ అడుగున కోయించాల్సి వస్తుంది.

రంగులకు ముందు ఒక హెచ్చరిక. పాత తైల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమలుకు వచ్చింది. కాబట్టి తలుపుల రంగును మంటతో కాల్చకుండా, పొడిగా రుద్దకుండా, తడిపి గీకించి, చిన్నపిల్లలను ఆ ఛాయలకు రానివ్వకండి. గోడలకు ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇంతవరకు పడిన శ్రమ వృథా. మాగిన సున్నాన్ని పలుచగా వడగట్టి, గోడను ముందు తడిపి, నాలుగైదు చేతులు వెల్ల వేయించాలి. రంగు కావాలంటే ఎర్ర, పసుపు ఇనుప ఆక్సైడు పొడులు సున్నంలో నిలుస్తాయి. సముద్రం వైపు గోడకు రెండు మూడేళ్ళకోసారి తిరిగి వెల్ల వేయవలసి ఉంటుంది, మిగిలిన గోడలు ఇంకొంత కాలం ఆగుతాయి. ఆ వెల్ల పని సెప్టెంబరులోపు పెట్టుకుంటే, మేడ మీది తూముల్లో ఆకులు తీయించడం, కొప్పు పెంకుల తీగలు చూడటం కూడా అదే మనుషులతో, తుఫానుల నెలలకు ముందే అయిపోతుంది.