క్యాన్సర్‌తో దూరమైనవారి పేరున విశాఖ తీరంలో ఒక పరుగు: ఏర్పాటు చేసుకొనే విధానం

క్యాన్సర్‌తో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారికి ఏటా వచ్చే తద్దినంతో మనసు తీరదు. ఆ మనిషి పేరున పదిమంది కలిసి పరుగెత్తి, అందులో సమకూరిన సొమ్మును ఇప్పుడు చికిత్సలో ఉన్న మరొకరికి అందించగలిగితే ఆ లోటు కొంత పూడుతుంది. మా అమ్మ పోయిన మరుసటి ఏడాది నుంచి మా కాలనీవారం ఆర్‌.కె. బీచ్‌లో ఇటువంటి పరుగు పెడుతున్నాం. ఇటువంటి పని తలపెట్టేవారికి ఉపయోగపడుతుందని, మా పొరపాట్లతో సహా మేము చేసే విధానాన్ని రాస్తున్నాను.

దూరం, టీషర్టులు, చందాల కంటే ముందు పేర్ల సంగతి చూడాలి. పరుగెత్తేవారు పోయిన తమవారి పేరున్న గుడ్డను ఛాతీకి పెట్టుకుంటారు. మొదటి ఏడాది నేను పేర్ల జాబితాను ఆధార్ కార్డుల్లో ఉన్నట్టే అచ్చు వేయించాను. మా అమ్మను ఊరంతా పిలిచే పేరు వేరు. నా ఛాతీ మీది గుడ్డను రెండుసార్లు చదివి, ‘ఇదెవర్రా?’ అని మా మేనత్త అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. అప్పటి నుంచి ప్రతి కుటుంబాన్నీ ‘ఇంట్లో ఏమని పిలిచేవారు?’ అని అడిగి, ఆ పేరునే తెలుగులో చేత్తో రాయిస్తున్నాం. కాగితం ఈ ఊరి చెమటకు అరగంటలో తడిసి చిరుగుతుంది, బాల్‌పెన్ను సిరా మరకలు కడుతుంది. అందుకని జానెడు తెల్లని నూలు గుడ్డ మీద చెరగని మార్కర్‌తో రాసి, నాలుగు మూలలా పిన్నీసులు పెట్టాలి. కొందరు పోయినవారి పాత నేత చీర చెంగు నుంచి చిన్న ముక్క కత్తిరించి మణికట్టుకు కట్టుకుంటారు. చీరను కత్తిరించడానికి ఇంట్లో అందరికీ మనసొప్పాలి కనుక ఆ నిర్ణయాన్ని వారికే వదిలిపెట్టాలి.

పేరు రాసే ముందు మరొకటి కూడా అడగాలి. మన ఇళ్లలో ఈ వ్యాధిని ‘పెద్ద జబ్బు’ అని గొంతు తగ్గించి చెప్పుకోవడమే ఇంకా ఎక్కువ. ఆడపిల్లల సంబంధాలకు అడ్డు వస్తుందన్న భయంతో దాచేవారూ ఉన్నారు. అంటువ్యాధి కాదని నచ్చజెప్పడం మంచిదే గాని, వారి అనుమతి లేకుండా పేరునో ఫొటోనో బ్యానరు మీదకు ఎక్కించకూడదు. ఒప్పుకోనివారు పేరు లేని తెల్లగుడ్డ కట్టుకుని పరుగెత్తవచ్చు. మా పరుగులో ప్రతిసారీ అటువంటివారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

దీన్ని పందెంగా మార్చకండి. క్యాన్సర్ కోసం పరుగెత్తడమనగానే గుర్తుకు వచ్చే కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్, 1977లో ఎముక క్యాన్సర్ వల్ల కుడికాలిని మోకాలి పైవరకు పోగొట్టుకున్నాడు. కృత్రిమ కాలితో 1980 ఏప్రిల్ 12న బయలుదేరి, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తి, వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో థండర్ బే నగరం సమీపంలో ఆగిపోయాడు. 1981 జూన్ 28న అతడు కన్నుమూయగా, ఆ సెప్టెంబరులోనే అతడి పేరున మొదలైన పరుగులో గెలుపోటములు పెట్టలేదు. మేమూ బహుమతులు పెట్టం, సమయం నమోదు చేయం. కర్ర పట్టుకుని నడిచే పెద్దాయన ఆఖరున వచ్చేదాకా ముందొచ్చినవారంతా అక్కడే నిలబడతారు.

తేదీ విషయంలో ఇంటి తిథిని పట్టుకుంటే పదిమందికి కుదరదు. నవంబరు 7 జాతీయ క్యాన్సర్ అవగాహన దినమే అయినా, అక్టోబరు, నవంబరు మాకు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని ఏం చేసిందో చూసినవాళ్లం. అందువల్ల ఫిబ్రవరి 4న వచ్చే ప్రపంచ క్యాన్సర్ దినానికి దగ్గరి ఆదివారం మేలు. ఎండ ఇంకా ముదరదు, తెల్లవారుజామున గాలి చల్లగా ఉంటుంది.

కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, తీరాన మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి మీదుగా రెండున్నర కిలోమీటర్లు వెళ్లి తిరిగివస్తే 5 కిలోమీటర్లవుతుంది. తెన్నేటి పార్కు వైపు పోయేకొద్దీ కైలాసగిరి అంచున దారి ఎత్తెక్కుతుంది కనుక కొత్తవారిని అటు తీసుకువెళ్లకపోవడమే మంచిది. పోలీసు కమిషనరేట్‌కూ, వేదికో మైకో పెట్టేటట్లయితే నగరపాలక సంస్థ జీవీఎంసీకీ కనీసం నెల ముందు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. అంబులెన్సు, ప్రథమ చికిత్స తెలిసిన ఒకరిద్దరు తప్పనిసరి.

అలవాటు లేనివారు ఎనిమిది వారాల ముందు నుంచి వారానికి మూడు రోజులు సాధన చేయాలి. మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఇరవై నిమిషాలు చేసి, పరుగు వంతును మెల్లగా పెంచుకుంటూ పోతే చాలు. సముద్రపు తేమలో చెమట ఆరదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. ఇంటికి రాగానే ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి. గుండె జబ్బు, మధుమేహం ఉన్నవారు, చికిత్స ముగించుకున్నవారు డాక్టరును అడిగిన తరువాతే దిగాలి.

సొమ్ము ఎవరి చేతికి వెళుతుందో చందా అడిగే ముందే నిర్ణయించి, కరపత్రం మీద అచ్చు వేయాలి. టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మన అగనంపూడిలోనే ఉంది. అటువంటి సంస్థ ఖాతాలోకి దాతలే నేరుగా జమ చేస్తే, నిర్వాహకుల చేతుల్లో డబ్బు తిరగదు, అనుమానానికి చోటుండదు. పన్ను మినహాయింపు కోరేవారికి, నగదుగా ఇచ్చినది రూ.2,000 మించితే అది వర్తించదని ముందే చెప్పాలి. మందుల ఖర్చుకు ఇచ్చేవారు చాలామంది ఉంటారు గాని, శ్రీకాకుళం నుంచో పార్వతీపురం నుంచో రోగి వెంట వచ్చి వారాల తరబడి ఉండిపోయే మనిషి గది అద్దె, భోజనం, బస్సు చార్జీలు ఎవరికీ గుర్తుకు రావు. అమ్మకు చికిత్స జరిగినన్నాళ్లూ మేము తడుముకున్నది అక్కడే. ఆసుపత్రిలోని సామాజిక సేవా విభాగాన్ని అడిగి, కొంత భాగాన్ని అందుకు కేటాయించండి.

పరుగు నాటి ఉదయం ఉపన్యాసాలు వద్దు. బయలుదేరే ముందు పేర్లన్నీ ఒక్కొక్కటిగా, తొందర లేకుండా, ఆ కుటుంబాలవారే చదవాలి. చదవలేక గొంతు పూడుకుపోతే పక్కనున్నవారు అందుకోవాలి. దీనికి ముందే ఒకరిని నిలబెట్టి ఉంచండి. ‘వ్యాధితో పోరాడి ఓడిపోయారు’ అన్న మాట మైకులో ఎవరూ అనకుండా చూడాలి. ఆ గుంపులో తలకు స్కార్ఫు కట్టుకుని, ఇంకా కీమోథెరపీ తీసుకుంటున్నవారు కూడా నిలబడి ఉంటారు. పేర్లయ్యాక ఒక నిమిషం మౌనం పాటిస్తే అలల చప్పుడు తప్ప ఏదీ వినిపించదు.

వారంలోగా జమ అయిన మొత్తాన్నీ, ఏర్పాట్లకైన ఖర్చునూ రసీదులతో సహా అందరికీ పంపాలి. పరుగు ముగిశాక కొందరు పేరు రాసిన గుడ్డలను సముద్రంలో కలపబోతారు. పిన్నీసులతో పాటు అవి అలల్లోకి పోకుండా నచ్చజెప్పి, విప్పిన గుడ్డలను ఒక బుట్టలో తీసుకోండి. మేము వాటిని ఉతికి, ఆరబెట్టి, మడిచి, కుటుంబాలకు తిరిగి ఇచ్చేస్తాం. మా ఇంట్లో అమ్మ పేరు రాసిన గుడ్డ బీరువాలో ఆమె చీరల మధ్యే ఉంటుంది. ఫిబ్రవరి రాగానే మా మేనత్తే దాన్ని పైకి తీసి, మాసిన అక్షరాల మీద మళ్లీ దిద్దుతుంది.